నాలుగేళ్ల పాపని అవ్వాతాతల దగ్గర ఉంచి మంచుకొండల ట్రెక్‌కి వెళ్లొచ్చా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: తిరుపతిలో ఉంటారు, పాపకి నాలుగేళ్లు. సంక్రాంతి సెలవుల్లో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ కొండకి వెళ్లాలనుకుంటున్నారు. ఆ వారం పాప చిత్తూరులో మీ అమ్మానాన్నల దగ్గర ఉంటుంది. మీవారికి షిఫ్టు డ్యూటీ కాబట్టి వచ్చిపోతుంటారు. "బిడ్డని వదిలేసి మంచులో కొండలెక్కేదేంది" అని ఇంట్లో అంటున్నారు. వెళ్లొచ్చా, వెళ్తే ఇక్కడా అక్కడా ఏమేం చూసుకోవాలి అని అడిగారు.

వెళ్లొచ్చు. బాగా అలవాటైన అవ్వాతాతల దగ్గర నాలుగేళ్ల పిల్ల ఏడెనిమిది రోజులు ఉండగలదు. కానీ సంక్రాంతికి వద్దు, జనవరి ఆఖరి వారం నుంచి ఫిబ్రవరి మూడో వారం లోపల పెట్టుకోండి. ఇంకో షరతు ఉంది, అసలైంది ఇదే: పాపకి మీరు కావాల్సొచ్చిన క్షణం నుంచి 48 గంటల పాటు, మీరు లేకుండానే ఇంట్లోవాళ్లు అన్ని నిర్ణయాలూ తీసుకోగలగాలి. అది కుదరదనిపిస్తే, మీరెంత ఫిట్‌గా ఉన్నా, ఎంత మంచి గైడు దొరికినా ఈ ఏడాదికి ఆగండి.

48 గంటలు ఎందుకో లెక్క వేసి చూడండి. మూడో రోజు సాయంత్రం మీరు కేదార్‌కంఠ బేస్ క్యాంపులో, సుమారు 11,250 అడుగుల ఎత్తులో ఉన్నారనుకుందాం. కబురు అందేసరికి చీకటి పడి ఉంటుంది. ప్రాణం మీదికొస్తే తప్ప ఏ గైడూ రాత్రిపూట మంచులో మనిషిని కిందికి దించడు. తెల్లారి బయల్దేరితే, నడక మొదలయ్యే సాంక్రీ ఊరికి నాలుగైదు గంటలు. సాంక్రీ నుంచి డెహ్రాడూన్ 200 కిలోమీటర్లకి కాస్త అటూఇటూ, కానీ మోరీ, పురోలా మీదుగా అంతా ఘాట్ రోడ్డు, ఎనిమిది నుంచి పది గంటలు పడుతుంది. రాత్రికి డెహ్రాడూన్. మర్నాడు పొద్దున విమానం ఎక్కి, ఢిల్లీలోనో హైదరాబాద్‌లోనో మారి రేణిగుంటలో దిగేసరికి సాయంత్రం. అన్నీ అనుకున్నట్టు జరిగితేనే ఇది. దారిలో మంచు పడితే ఇంకో రోజు. ఏపీ సంపర్క్ క్రాంతిలో నిజాముద్దీన్ దాకా పోవడం చౌకే గానీ, అది రోజూ ఉండదు, పైగా రోజున్నర ప్రయాణం. వెళ్లేటప్పుడు ఎక్కండి, అత్యవసరంగా తిరిగొచ్చే దారిగా మాత్రం దాన్ని లెక్కలో పెట్టుకోవద్దు.

ఇక సంక్రాంతి ఎందుకు వద్దంటే, ఇబ్బంది రెండు వైపులా ఉంది. డిసెంబరు ఆఖరి నుంచి జనవరి సగం దాకా ఢిల్లీ చుట్టుపక్కల పొగమంచు దట్టంగా ఉంటుంది, విమానాలూ రైళ్లూ గంటల తరబడి ఆలస్యమవుతాయి. కేదార్‌కంఠలో జనం ఎక్కువుండేదీ అప్పుడే. శిఖరానికి ముందు నిటారు ఎక్కుడులో వరసలో నిలబడాల్సొస్తుంది, నిలబడ్డ మనిషిని చలి తొందరగా పట్టుకుంటుంది. ఇక్కడేమో భోగి నుంచి కనుమ దాకా పిల్లల డాక్టర్ల క్లినిక్కులు చాలావరకు మూసే ఉంటాయి. ఇంటినిండా చుట్టాలు, పాపని ఆమె చూస్తోందని ఈమె, ఈమె చూస్తోందని ఆమె అనుకునే రోజులవి.

నవంబరు, డిసెంబరు మొదటి సగం కూడా మన జిల్లాల వాళ్లకి మంచివి కావు. ఈశాన్య రుతుపవనాల వానలు, తుపానులు అప్పుడే. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైన సంగతి, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను సంగతి మీకు తెలుసు. వానల వెనకే డెంగీ జ్వరాలు. ఫిబ్రవరికి ఇక్కడ వాతావరణం పొడిగా ఉంటుంది, అక్కడ మంచు ఇంకా మోకాళ్లలోతు ఉంటుంది, పగలు కాస్త పొడుగవుతుంది.

ఫ్రిజ్ మీద ఒక కాగితం. ట్రెక్ సామాను జాబితా కంటే ముందు ఇది తయారుచెయ్యండి. ఒక వైపు మాత్రమే, పెద్ద అక్షరాల్లో, మీ నాన్నగారు కళ్లద్దాలు వెతుక్కోకుండా చదవగలిగేలా. పాప బరువు, పడని మందులు, పిల్లల డాక్టరు నంబరు, ఆ డాక్టరు లేకపోతే వెళ్లాల్సిన ఇంకో డాక్టరు, రాత్రి రెండింటికి తీసుకెళ్లాల్సిన ఆసుపత్రి పేరు. చిత్తూరులో ఉంటుంది కాబట్టి తిరుపతికి రావాలా, వేలూరుకి పోవాలా అన్నది ఇప్పుడే తేల్చుకోండి. రెండూ దగ్గరే, అందుకే ఆ వేళకి ఇంట్లో వాదన మొదలయ్యేది. దాని కింద, బండి ఎవరు తీస్తారో పేరు, ఫోను. ఎవరూ దొరక్కపోతే 108. టీకాల కార్డు, పాప ఆధార్, బీమా కార్డు నకళ్లు ఒకే కవర్లో పెట్టండి. చికిత్సకి ఒప్పుకునే అధికారం మీ అమ్మానాన్నలకి ఇస్తున్నట్టు మీరూ మీవారూ సంతకం చేసిన ఉత్తరం అందులోనే ఉండాలి.

జ్వరం మందు దగ్గర ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. పారాసెటమాల్ సిరప్ 5 మి.లీ.లో 120 మి.గ్రా. ఉండేదీ, 250 మి.గ్రా. ఉండేదీ రెండూ షాపుల్లో దొరుకుతాయి, డబ్బాలు చూస్తే ఒకేలా ఉంటాయి. మోతాదు కిలో బరువుకి 15 మి.గ్రా. పాప 16 కిలోలుంటే 240 మి.గ్రా., అంటే 250 సిరప్ అయితే 5 మి.లీ.కి కొంచెం తక్కువ, 120 సిరప్ అయితే 10 మి.లీ. ఒకటి అనుకుని ఇంకొకటి పోస్తే మోతాదు సగమైనా అవుతుంది, రెట్టింపైనా అవుతుంది. ఇంట్లో ఒకే రకం ఉంచండి, రెండోది తీసేయండి. డాక్టరుతో రాయించుకున్న మోతాదుని సీసా మీదే అతికించండి. నాలుగు నుంచి ఆరు గంటల తేడా ఉండాలి, రోజుకి నాలుగుసార్లకి మించకూడదు. ఎన్నింటికి వేశారో ఆ కాగితం వెనకే రాయమనండి, లేకపోతే అవ్వ వేసిన మందే తాత మళ్లీ వేస్తారు. డెంగీ అనుమానముంటే ఐబూప్రోఫెన్, మెఫనమిక్ యాసిడ్ వద్దు. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్టు లీటరు నీళ్లకి, చిన్నది 200 మి.లీ.కి. పెద్ద ప్యాకెట్టుని గ్లాసులో చిటికెడు చిటికెడుగా కలపడం మానాలి.

ఆసుపత్రికి ఎప్పుడు పరుగెత్తాలో కూడా రాసి పెట్టండి: మూడు రోజులు దాటిన జ్వరం, ఎనిమిది గంటలుగా ఒంటేలు పోయకపోవడం, లేపినా సరిగా లేవకపోవడం, నిద్రలో నిమిషానికి 40కి పైగా ఊపిరి. జ్వరంతో ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, అయిదు నిమిషాలు దాటితే 108.

కబురు ఎప్పుడు చెప్పాలి, ఎప్పుడు చెప్పకూడదు. సాంక్రీలోనే సిగ్నల్ అంతంతమాత్రం, పైన క్యాంపుల్లో లేదనే అనుకోండి. శాటిలైట్ ఫోను గానీ, శాటిలైట్ మెసేజ్ పరికరం గానీ అనుమతి లేకుండా మన దేశంలో వాడటం నేరం, విమానాశ్రయంలోనే ఆపేస్తారు. విదేశాల్లో ఉన్న తమ్ముడు పంపాడని తీసుకెళ్లొద్దు. కాబట్టి ట్రెక్ నిర్వాహకుల సాంక్రీ ఆఫీసు నంబరు ఇంట్లో ఉండాలి, అక్కడి నుంచి క్యాంపుకి వాకీటాకీలో కబురు పోతుందా అని డబ్బు కట్టకముందే అడగాలి.

ఇంట్లోవాళ్లతో మూడు మెట్లుగా మాట్లాడుకోండి. జలుబు, మామూలు జ్వరం, రాత్రి ఏడుపు: చెప్పనక్కర్లేదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు, మందులతో ఇంటికొచ్చేశారు: మీరు సాంక్రీకి దిగాక చెప్పాలి. ఆసుపత్రిలో చేర్చారు, ఎముక విరిగింది, ఫిట్స్ వచ్చాయి: వెంటనే చెప్పాలి, మీరు దిగొస్తారు. ఈ ఒప్పందం లేకపోతే ఏదో ఒకటి జరుగుతుంది: చిన్న దగ్గుకి కూడా కబురొచ్చి మీరు సగంలో దిగుతారు, లేదా "కొండ మీద ఉంది, కంగారు పెట్టడమెందుకు" అని పెద్ద విషయాన్ని దాచేస్తారు. మన ఇళ్లలో రెండోదే ఎక్కువ.

అటు నుంచి కూడా ఒక గడువు ఉండాలి. మీరు దిగాల్సిన రోజు రాత్రి ఎనిమిదికి ఫోను రాకపోతే మీవారు నిర్వాహకులకి చెయ్యాలి. మర్నాడు మధ్యాహ్నానికీ ఏమీ తెలియకపోతే ఉత్తరకాశీ జిల్లా విపత్తు కంట్రోల్ రూముకి చెయ్యాలి. ఆ నంబరు ఇప్పుడే తీసి కాగితం మీద రాయండి. తిరుపతి నుంచి 112 కొడితే మన రాష్ట్రం కంట్రోల్ రూముకే పోతుంది. ఆ గడువు లోపల ఫోను రాకపోవడం మంచిదీ కాదు, చెడుదీ కాదు, సిగ్నల్ లేదని మాత్రమే. మీ అమ్మగారికి ఇది రెండుసార్లు చెప్పండి.

పాపకి చెప్పడం గురించి. నిద్రపోతున్నప్పుడు జారుకోవద్దు. లేచి చూసి మీరు లేకపోతే, ఆ తర్వాత మీరు బాత్రూముకి వెళ్లినా వెంట పడుతుంది. నెల ముందు నుంచి చిత్తూరులో ఒక రాత్రి, రెండు వారాల తర్వాత వరసగా మూడు రాత్రులు మీరు లేకుండా ఉంచి చూడండి. మొదటి రాత్రి ఏడవడం మామూలే. మూడో రాత్రికీ తినకుండా, ఆడకుండా ఉంటే ఈ ఏడాది వద్దు. ప్రయాణం సంగతి మూడు నాలుగు రోజుల ముందు చెబితే చాలు, నెల ముందు చెబితే ఆ వయసుకి అర్థం కాదు. గోడ క్యాలెండరులో రోజుకొక గడి తాతతో కలిసి కొట్టేయమనండి. తిరిగొచ్చే రోజు తర్వాత ఇంకో రెండు గడులు కూడా కలపండి, రోడ్డు మూసుకుపోతే మీరిచ్చిన మాట తప్పినట్టు కాకుండా. రోజూ ఫోను చేస్తానని అస్సలు చెప్పొద్దు. రోజూ రాత్రి వినేందుకు రెండు మూడు నిమిషాల కథలు మీ గొంతుతో రికార్డు చేసి అవ్వ ఫోనులో పెట్టండి. పడుకునే దుప్పటి, తినే కంచం తిరుపతి నుంచే వెళ్లాలి. ఆ వారంలో కొత్త బడి, పాలు మాన్పించడం, వేరే మంచం లాంటి మార్పులేవీ పెట్టొద్దు.

రెండేళ్ల లోపు బిడ్డ, ఇంకా పాలు తాగే బిడ్డ ఉన్నవాళ్లకి నేను ఈ ట్రెక్ చెప్పను. వాళ్లు ఉత్తరాఖండ్‌లోనే ఉన్న నాగ్ టిబ్బా కొండ చూడొచ్చు. అది 9,900 అడుగుల పైచిలుకు, పంత్వారీ ఊరి నుంచి రెండు రోజుల పని, డెహ్రాడూన్ నాలుగు గంటల దూరంలోనే. మంచు పడ్డాక ఎంచుకుని వెళ్తే చాలు. చిన్నపిల్లలున్నవాళ్లు కొండని ఎత్తు చూసి కాదు, ఇల్లు చేరడానికి పట్టే గంటలు చూసి ఎంచుకోవాలి. లదాఖ్‌లో గడ్డకట్టిన జంస్కార్ నది మీద నడిచే చాదర్ ట్రెక్ అందుకే మొదటిసారికి వద్దు. లేహ్‌లో విమానం దిగడమే 10,500 అడుగుల పైన, వాతావరణం బాగోకపోతే తిరుగు విమానమూ ఉండదు.

ఇప్పుడు మీ శరీరం. ముందు రక్తపరీక్ష. మన దగ్గర ఆడవాళ్లలో రక్తహీనత చాలామందికి ఉంటుంది, కింద తెలియదు, పైన ఊపిరి అందదు. హిమోగ్లోబిన్ 12 దాటాలి. తక్కువుంటే ఐరన్ మాత్రలతో పెరగడానికి రెండు మూడు నెలలు పడుతుంది కాబట్టి ఈ వారమే చేయించుకోండి. బీపీ, థైరాయిడ్ కూడా.

శిక్షణకి మనకంటే అదృష్టవంతులు లేరు. శ్రీవారి మెట్టు 2,388 మెట్లు, రెండు కిలోమీటర్ల పైచిలుకు. అలిపిరి దారి 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్లు. వారానికి ఒకసారి శ్రీవారి మెట్టు, మిగతా రోజుల్లో మూడుసార్లు యూనివర్సిటీ గ్రౌండులో పరుగు. 5 కిలోమీటర్లు 40 నిమిషాల్లోపు ఆగకుండా చెయ్యగలిగే దాకా తేవాలి, పది వారాలు తీసుకోండి. ఆఖరి నాలుగు వారాలు వీపున 6 కిలోల బరువుతో ఎక్కండి. మనవాళ్లు చేసే తప్పు ఒకటుంది: నడిచి ఎక్కి, బస్సులో దిగుతారు. కేదార్‌కంఠలో మోకాళ్లు పట్టేసేది దిగేటప్పుడే, శిఖరం రోజున ఒక్క పగల్లో మూడు వేల అడుగులకి పైగా దిగాలి. అందుకని అలిపిరి దారిలో నడిచే దిగండి. ఇంకోటి, కొండకి మనం చెప్పుల్లేకుండా ఎక్కుతాం. బూట్లు మాత్రం తలకోన వైపో, చంద్రగిరి కోట చుట్టో వేసుకుని కనీసం 40 కిలోమీటర్లు నడవాలి. కొత్త బూట్లతో వెళ్తే రెండో రోజే మడమ బొబ్బలెక్కుతుంది.

ఒక్కటి గుర్తుంచుకోండి, తిరుమల ఎంత తేలిగ్గా ఎక్కినా ఎత్తు జబ్బుకి (పైకి పోయేకొద్దీ గాలి పల్చబడి వచ్చే జబ్బు) అది పరీక్ష కాదు. తిరుమల సుమారు మూడు వేల అడుగులు, ఈ జబ్బు మొదలయ్యేది ఎనిమిది వేలు దాటాక. బాగా ఫిట్‌గా ఉన్నవాళ్లకీ వస్తుంది, వేగంగా ఎక్కుతారు కాబట్టి వాళ్లకి ఇంకా తొందరగా వస్తుంది. సాంక్రీ సుమారు 6,400 అడుగులు, మొదటి క్యాంపు జుడా కా తాలాబ్ 9,100, రెండోదైన బేస్ క్యాంపు 11,250, శిఖరం 12,500. పది వేల అడుగులు దాటాక రాత్రి పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకి (సుమారు 1,640 అడుగులు) మించి పెరగకూడదన్నది మంచి నియమం. ఇక్కడ రెండో క్యాంపుకి 650 మీటర్లు (సుమారు 2,150 అడుగులు) పెరుగుతుంది. అందుకే చాలామందికి ఆ రాత్రే తలనొప్పి. కుదిరితే జుడా కా తాలాబ్‌లో అదనంగా ఒక రాత్రి ఉండే బృందాన్ని ఎంచుకోండి. ఈ జబ్బు రాకుండా డైమాక్స్ (అసిటజోలమైడ్) మాత్ర 125 మి.గ్రా. రోజుకి రెండుసార్లు, ఎక్కడానికి ఒక రోజు ముందు నుంచి వాడతారు. సల్ఫా మందులు పడనివాళ్లు డాక్టరుని అడక్కుండా వేసుకోకూడదు. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువొస్తుంది, భయపడొద్దు. రాత్రి టెంటు బయటికి వెళ్లాలని నీళ్లు తాగడం మానేసే ఆడవాళ్లు చాలామంది, దాంతో తలనొప్పి ఇంకా ముదురుతుంది. మూడు లీటర్లు తాగాల్సిందే.

తలనొప్పితో పాటు వాంతి, నీరసం ఉంటే పైకి ఎక్కకూడదు. నడకలో తూలుతున్నా, కూర్చున్నచోటే ఆయాసం వస్తున్నా వెంటనే దిగాలి, రాత్రయినా సరే.

తల్లిదండ్రులకి మాత్రమే ఉండే ఒక ప్రమాదం చెప్పాలి. సెలవు దొరకదు, పాపని చూసుకునేవాళ్లు ప్రతిసారీ దొరకరు, ఇంట్లో ఇంత మాట పడి వచ్చారు. దాంతో "మళ్లీ ఎప్పుడొస్తానో" అని తలనొప్పిని గైడు దగ్గర దాస్తారు. ఉద్యోగం లేని కుర్రాడు వెనక్కి తిరిగినంత తేలిగ్గా అమ్మానాన్నలు తిరగరు. అందుకే వెనక్కి తిరిగే గడియ ఇంట్లో ఉండగానే నిర్ణయించుకోండి: పొద్దున పదిన్నరకి శిఖరం మీద లేకపోతే దిగడమే. ఎండ ఎక్కాక మంచు మెత్తబడి కాలు తొడదాకా దిగుతుంది, నీడ వైపు గట్టి ఐసు అలాగే ఉంటుంది. జారిపడి కాలు విరగ్గొట్టుకునేది అక్కడే.

సామాను గురించి ఎక్కువ చెప్పను, జాబితా నిర్వాహకులిస్తారు. మనవాళ్లు మర్చిపోయేవి మాత్రం: నూలు బట్టలు, జీన్సు ఒంటి మీద ఉండకూడదు, చెమటకి తడిసి ఆరవు, వొళ్లు చల్లబడుతుంది. కొబ్బరినూనె గడ్డకట్టి పనికిరాదు, పెదాలకీ ముఖానికీ వ్యాజిలిన్ తీసుకెళ్లండి. ఫోను, పవర్‌బ్యాంకు, మర్నాటి సాక్సు స్లీపింగ్ బ్యాగు లోపల మీతో పాటే పడుకోవాలి, బయట రాత్రి సున్నాకి పది డిగ్రీల కింద దాకా పోవచ్చు. వేడినీళ్ల సీసా మూత గట్టిగా బిగించి కాళ్ల దగ్గర పెట్టుకోండి. మంచులో జారకుండా బూట్ల కింద తగిలించే ముళ్ల గొలుసులు (మైక్రోస్పైకులు), మంచు బూట్లలోకి పోకుండా కాళ్లకి చుట్టే తొడుగులు (గైటర్లు) సాంక్రీలో అద్దెకి దొరుకుతాయి, పాదానికి సరిపోయాయో లేదో అక్కడే వేసి చూడండి. మంచులో నల్లకళ్లద్దాలు లేకుండా ఒక్క గంట కూడా వద్దు. సాంక్రీ గదిలో చలికి బొగ్గుల కుంపటి పెట్టి తలుపులు బిగించుకుని పడుకోవద్దు, ఆ బొగ్గుల నుంచి వచ్చే విషవాయువుకి వాసన ఉండదు, తెలియకుండానే ప్రాణాలు పోతాయి. వేళ్లు తెల్లబడి స్పర్శ పోతే రుద్దకూడదు, చంకలో పెట్టుకోవాలి.

బీమా పత్రం చదవండి. చాలా ఆరోగ్య బీమాల్లో సాహస క్రీడలకి మినహాయింపు ఉంటుంది, ట్రెక్‌కి విడిగా తీసుకోవాలి, ఎంత ఎత్తు దాకా వర్తిస్తుందో అందులో ఉంటుంది. బ్యాంకు ఖాతాలు, పాలసీల్లో నామినీగా పెళ్లికి ముందు రాసిన పేరే ఉండిపోయిందేమో చూడండి. తర్వాతెప్పుడైనా మీవారు కూడా వస్తానంటే, పాప పెద్దదయ్యేదాకా ఇద్దరూ ఒకే ట్రెక్‌కి వెళ్లొద్దు. ఒక ఏడాది మీరు, ఇంకో ఏడాది ఆయన.

ఇంట్లో అనే మాటల గురించి: ఇదే ప్రశ్న నాన్నలని ఎవరూ అడగరు. ఆ కోపం న్యాయమే. కానీ మీ అమ్మగారి మాటని తప్పుగా తీసుకోకండి, ఆ వారం బాధ్యత మోసేది ఆవిడే. వాదించే బదులు పైన చెప్పిన కాగితం ఆవిడ పక్కన కూర్చుని ఆవిడ చేతే రాయించండి. భయం ఎక్కడుందో అప్పుడు బయటికొస్తుంది, చాలావరకు అది "రాత్రి జ్వరమొస్తే నేనేం చెయ్యాలి" అన్నదే. దానికి జవాబు దొరికాక అభ్యంతరం చాలామటుకు తగ్గుతుంది. తగ్గకపోతే, ఆవిడ ఆరోగ్యం నిజంగా సహకరించడం లేదేమో అడగండి. మోకాళ్ల నొప్పులున్న మనిషి నాలుగేళ్ల పిల్ల వెనక ఎనిమిది రోజులు పరుగెత్తలేదు. పగలు ఎవరినైనా సాయం పెట్టండి, ట్రెక్ ఖర్చులో అది కూడా కలపండి.

తిరిగొచ్చేటప్పుడు, సాంక్రీ నుంచి దిగిన రోజే విమానం పెట్టుకోవద్దు, మర్నాటికి పెట్టుకోండి. టికెట్టు మార్చుకునే వీలున్నదే కొనండి, పైన ఒక రోజు ఖాళీ ఉంచండి. ఇల్లు చేరాక పాప మీ దగ్గరికి రాకుండా అవ్వ కొంగు పట్టుకుంటే నొచ్చుకోవద్దు, ఒకటి రెండు రోజులు అలా ఉంటుంది, తర్వాత అతుక్కుపోతుంది. ఆ రెండు రోజులు కూడా సెలవు పెట్టండి, చిత్తూరులోనే ఉండండి, వెంటనే తిరుపతికి లాక్కురావద్దు.

హిమోగ్లోబిన్ రిపోర్టు వచ్చాక ఆ అంకె, పాప మూడు రాత్రులు ఎలా ఉందో ఇక్కడే రాయండి. ఆ రెండూ చూశాక ఫిబ్రవరిలో ఏ వారం, ఏ రకం బృందం అన్నది చెప్తాను. అప్పటిదాకా ఎవరికీ అడ్వాన్సు కట్టొద్దు.